చూజ్, సెలెక్ట్: ఎంచుకోవడం వేరు, ఎంపిక చేయడం వేరు

అందరికీ నమస్కారం.

ఈ రోజు రెండే రెండు ఇంగ్లీషు మాటల గురించి మాట్లాడుకుందాం. చూజ్, సెలెక్ట్. నిఘంటువులో ఒకదాని దగ్గరికి వెళ్తే రెండోది చూడమంటుంది. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువుల్లో రెండింటికీ 'ఎంచుకొను, ఎన్నుకొను, ఏరుకొను' అని అవే అర్థాలు తిరిగి తిరిగి కనిపిస్తాయి. అందుకే చాలామంది ఈ రెండూ ఒకటేనని, ఒకటి మామూలు మాట, ఇంకొకటి కాస్త పెద్ద మాట అని అనుకుంటారు. అది సగమే నిజం. మిగతా సగం కోసమే ఈ ప్రసంగం.

ఈ రెండు వాక్యాలు వినండి. 'ది కాలేజ్ సెలెక్టెడ్ హర్.' 'షి చోజ్ ది కాలేజ్.' కాలేజీ ఆమెను ఎంపిక చేసింది. ఆమె ఆ కాలేజీని ఎంచుకుంది. జరిగింది ఒకే ప్రవేశం. కానీ అటు నుంచి చూస్తే ఒక మాట, ఇటు నుంచి చూస్తే ఇంకో మాట. కాలేజీ దగ్గర దరఖాస్తులు ఉన్నాయి, కటాఫ్ ఉంది, నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం కొందరిని వేరుచేసింది. ఆమె దగ్గర ఉన్నది ఒక మనసు, ఒక ఇష్టం, తన బతుకు గురించి ఒక నిర్ణయం.

ఇప్పుడు మాటలు తారుమారు చేసి చూడండి. 'ది కాలేజ్ చోజ్ హర్.' వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ ఇందులో ఇంకో ఛాయ వచ్చి చేరింది. ఎంతోమంది ఉండగా కాలేజీ ఆమెనే కోరుకుంది అన్నట్టు వినిపిస్తుంది. 'షి సెలెక్టెడ్ ది కాలేజ్' అంటే ఆమె ఒక జాబితా ముందు పెట్టుకుని, ఫీజు, దూరం, కోర్సు అన్నీ పోల్చి ఒకదాని మీద టిక్కు పెట్టినట్టు ఉంటుంది. తప్పొప్పుల తేడా కాదిది. చెప్పేవాడి చూపు దేని మీద ఉందన్న తేడా. 'చూజ్'లో చూపు ఎంచుకునే మనిషి మీద ఉంటుంది. 'సెలెక్ట్'లో చూపు వస్తువుల గుంపు మీద, వాటిని వడగట్టే జల్లెడ మీద ఉంటుంది.

ఈ తేడా తెలుగువాళ్లకు కొత్తది కాదు. మన క్రియల్లోనే ఉంది. 'ఎంచుకున్నాడు' అంటాం, 'ఎంపిక చేశాడు' అంటాం. మొదటిదాంట్లో 'కొను' ఉంది. చేసిన పని ఫలం చేసినవాడికే చెందుతుందని చెప్పే మాట అది. వండాడు, వండుకున్నాడు. రాశాడు, రాసుకున్నాడు. అలాగే ఎంచుకున్నాడు. 'ఎంపిక చేశాడు' అన్నప్పుడు ఆ 'కొను' లేదు. పని జరిగింది, దాని ఫలం ఎవరికైనా చెందవచ్చు. కమిటీ ఆటగాళ్లను ఎంపిక చేస్తుంది, ఎంచుకోదు. మనిషి తన వృత్తిని ఎంచుకుంటాడు. 'వృత్తిని ఎంపిక చేశాడు' అంటే చెవికి ఎబ్బెట్టుగా తగులుతుంది. ఆ ఎబ్బెట్టే మీకు దారి చూపిస్తుంది. తెలుగు వాక్యంలో 'కొను' తప్పనిసరి అయితే ఇంగ్లీషులో 'చూజ్' వైపు మొగ్గండి. 'ఎంపికయ్యాడు' అని హాయిగా చెప్పగలిగితే 'వజ్ సెలెక్టెడ్' సరిపోతుంది. 'ఎంచుకోబడ్డాడు' అని మనం అనం కదా, గమనించారా?

మరి మనవాళ్ల ఇంగ్లీషులో ఇన్ని తప్పులు ఎందుకు వస్తున్నాయి? వాడుక తెలుగులోకి 'సెలెక్ట్' ముందే వచ్చి కూర్చుంది. 'ఈ రంగు సెలెక్ట్ చేసుకున్నా', 'సైన్స్ గ్రూపు సెలెక్ట్ చేసుకున్నాడు' అని రోజూ అంటాం. ఇక్కడ 'చేసుకున్నా'లో 'కొను' ఉంది కాబట్టి తెలుగులో అర్థం చక్కగా నిలుస్తుంది. ఆ వాక్యాన్ని ఇంగ్లీషులోకి తీసుకెళ్లేటప్పుడు 'కొను' జారిపోతుంది, ఒట్టి 'సెలెక్ట్' మిగులుతుంది. 'చాయిస్' కూడా వచ్చింది కానీ నామవాచకంగానే వచ్చింది. ప్రశ్నను 'చాయిస్‌లో వదిలేశా' అంటాం. 'చూజ్' అనే క్రియ మాత్రం మన నోళ్లలో స్థిరపడలేదు. కాబట్టి దాన్ని పనిగట్టుకుని తెచ్చుకోవాల్సి వస్తోంది.

ఇక పుట్టుక చూద్దాం. 'చూజ్' అచ్చమైన పాత ఇంగ్లీషు మాట, దాని పాత రూపం 'చేయొసన్'. దాని వేరు ఇంగ్లీషు, లాటిన్, సంస్కృతాలకు మూలమైన ఇండో-యూరోపియన్ మూలభాషలో 'రుచి చూడు' అనే అర్థమిచ్చే ధాతువు. అదే ధాతువు లాటిన్‌లో 'గుస్తుస్' అయింది, అంటే రుచి. ఇంగ్లీషులో 'డిస్గస్ట్' అక్కడి నుంచే వచ్చింది. సంస్కృతంలో అది 'జుష్' అయింది. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం దానికి 'ప్రీతి, సేవనం' అని అర్థాలు చెబుతుంది. భగవద్గీత రెండో అధ్యాయంలో 'అనార్యజుష్టం' అన్న మాట ఉంది కదా, అందులోని 'జుష్టం' ఇదే. యోగ్యులు కానివారు ఇష్టపడి పట్టుకునేది అని. 'చూజ్'కీ 'జుష్'కీ ఉన్న ఈ చుట్టరికం తెలిస్తే ఆ మాటలో ఇష్టం ఎందుకంత గట్టిగా అంటుకుని ఉందో అర్థమవుతుంది. నాలుక మీద పెట్టి, నచ్చిందనుకోవడం.

'సెలెక్ట్' లాటిన్ నుంచి వచ్చింది, ఇంగ్లీషులోకి 16వ శతాబ్దంలో అడుగుపెట్టింది. 'సే' అంటే వేరుగా. 'లెగెరె' అంటే ఏరడం, పోగుచేయడం. కాబట్టి సెలెక్ట్ అంటే ఏరి పక్కన పెట్టడం. ఈ 'లెగెరె'కి సంతానం చాలా ఎక్కువ. కలెక్ట్ అంటే ఒకచోటికి ఏరడం. ఎలెక్ట్ అంటే బయటికి ఏరి తీయడం. నెగ్లెక్ట్ అంటే ఏరకుండా వదిలేయడం. అక్షరాలను ఏరడమే చదవడం కనక 'లెక్చర్' కూడా ఈ కుటుంబంలోదే. విత్తనాల కుప్పలో పుచ్చువి తీసేసి గట్టివి ఒక పక్కన పెడతాం చూడండి, సరిగ్గా ఆ చేతి పనే 'సెలెక్ట్'. అక్కడ ఏ గింజ మీదా మనకు ప్రేమ లేదు. గింజ గట్టిదా కాదా, అంతే.

మన 'ఎంచు' ఇంకో దారి పట్టింది. ఎంచడం అన్నా ఎన్నడం అన్నా మొదట లెక్కపెట్టడమే. ఎన్నిక, ఎన్నదగిన, తప్పులెంచడం, అన్నింటిలోనూ ఆ లెక్క ఉంది. ఇంగ్లీషు రుచి చూసింది, లాటిన్ ఏరింది, తెలుగు లెక్కపెట్టింది.

అయితే పుట్టుక ఒక్కటే సాక్ష్యం కాదు, మాటలు వెయ్యేళ్లలో ఎటైనా వెళ్లగలవు. నేటి వాడుకలోనూ తేడా బతికే ఉందని ఎలా తెలుస్తుంది? ఒకదాని చోట రెండోది ఇమడని సందర్భాలు చూడాలి. అన్నింటికన్నా గట్టిది వ్యాకరణంలో ఉంది.

'చూజ్' తరవాత 'టు'తో క్రియ వస్తుంది. 'షి చోజ్ టు స్టే.' ఆమె ఉండిపోవాలని నిర్ణయించుకుంది. 'హి చోజ్ నాట్ టు ఆన్సర్.' అతను కావాలనే జవాబు చెప్పలేదు. 'సెలెక్ట్'కి ఈ శక్తి లేదు. 'షి సెలెక్టెడ్ టు స్టే' అన్నది తప్పు వాక్యం. దరఖాస్తుల్లో విరివిగా కనిపించే 'ఐ సెలెక్టెడ్ టు స్టడీ లా' కూడా తప్పే. ఎందుకంటే సెలెక్ట్‌కి కళ్లెదుట కొన్ని వస్తువులు, కొందరు మనుషులు, కొన్ని అంశాలు ఉండాలి. ఒక పని చేయాలా వద్దా అన్నది గుంపులోంచి ఏరే వస్తువు కాదు, లోపలి సంకల్పం. అది చూజ్ రాజ్యం.

ఇక్కడ ఒక జాగ్రత్త. 'షి వజ్ సెలెక్టెడ్ టు లీడ్ ది టీమ్' మాత్రం సరైనదే. ఇందులో 'టు లీడ్' అన్నది ఎంపిక ఎందుకోసమో చెబుతోంది, ఎంపికైన వస్తువు ఆమె. 'దే సెలెక్టెడ్ హర్ టు లీడ్' కూడా అంతే. మధ్యలో ఎవరో ఒకరు కర్మగా ఉంటే 'టు' వస్తుంది. సెలెక్ట్ పక్కనే నేరుగా 'టు' అంటించకూడదు. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే ఈ రెండు మాటల దగ్గర జరిగే తప్పుల్లో పెద్ద భాగం పోతుంది.

అదే కారణం చేత 'చూజ్' కర్మ లేకుండానూ నిలబడగలదు. 'యూ చూజ్' అంటే 'నీ ఇష్టం, నువ్వే చెప్పు' అని. 'యూ సెలెక్ట్' అంటే వాక్యం మధ్యలో ఆగిపోయినట్టు ఉంటుంది. ఏం సెలెక్ట్ చేయాలి అని అడగాలనిపిస్తుంది. 'ఎక్కడ ఉండాలో, ఎలా బతకాలో చూజ్ చేసుకో' అన్నవి సహజం. మౌనాన్నీ, స్వేచ్ఛనూ, ఒక పక్షాన్నీ చూజ్ చేస్తారు. పట్టుకోలేనివి, లెక్కపెట్టలేనివి సెలెక్ట్‌కి అందవు.

ఇప్పుడు 19వ శతాబ్దంలో ఈ తేడా మీదే జరిగిన ఒక పెద్ద వాదన. పరిసరాలకు తగిన ప్రాణులే మిగిలి తమ సంతతిని పెంచుకోవడాన్ని 1859లో డార్విన్ 'నేచురల్ సెలెక్షన్' అన్నాడు. వెంటనే అభ్యంతరాలు వచ్చాయి. సెలెక్షన్ అంటే ఎవరో తెలిసి చేసే చాయిస్ కదా, మారుతున్న జంతువులకు ఆ స్పృహ ఉందా అని కొందరు అడిగారు. 1861 నాటి మూడో ముద్రణలో ఆయన దానికి సమాధానం చేర్చాడు. రసాయన శాస్త్రవేత్తలు మూలకాలకు 'ఎలెక్టివ్ అఫినిటీ', అంటే ఎన్నుకుని కలిసే గుణం, ఉందంటే ఎవరూ కాదనలేదే, ఆమ్లం తనకు కావలసిన క్షారాన్ని నిజంగా ఎన్నుకుంటుందా అని ఎదురు అడిగాడు. ఇదే సిద్ధాంతాన్ని విడిగా కనుగొన్న వాలెస్ మాత్రం 1866లో డార్విన్‌కు ఉత్తరం రాస్తూ, ఈ మాట ప్రకృతిని ఒక మనిషిలా చూపిస్తోంది, బదులుగా తత్వవేత్త స్పెన్సర్ వాడిన 'సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్', అంటే తగినవి మిగలడం, వాడమని సలహా ఇచ్చాడు. 1869 నాటి అయిదో ముద్రణలో డార్విన్ ఆ మాటను కూడా చేర్చుకున్నాడు. కానీ చివరికి నిలిచింది 'సెలెక్షన్'. మనసు లేకుండా, కేవలం వడపోతగా జరిగే పనికి ఆ మాట ఒదిగింది. 'నేచురల్ చాయిస్' అని ఉంటే ఒదిగేది కాదు. అదే జీవశాస్త్రంలో ఆడ పక్షి తన జతగాణ్ని కోరుకునే సందర్భం వచ్చేసరికి 'మేట్ చాయిస్' అంటారు. అక్కడ ఇష్టపడే ప్రాణి ఒకటి ఉంది కాబట్టి.

గణితంలో ఇంకా స్పష్టమైన ఉదాహరణ ఉంది. 1904లో జర్మన్ గణితవేత్త జెర్మెలో ప్రతిపాదించిన స్వయంసిద్ధం, అంటే రుజువు లేకుండా ఒప్పుకునే సూత్రం, 'ఆక్సియమ్ ఆఫ్ చాయిస్'. దాన్ని వివరించడానికి తత్వవేత్త బెర్ట్రండ్ రసెల్ చెప్పిన ఉపమానం ఇది. అనంతమైన బూట్ల జతలు ఉన్నాయనుకోండి. ప్రతి జత నుంచి ఒకటి తీయాలి. 'ఎడమది తియ్యి' అని ఒక నియమం చెప్తే చాలు. అదే మేజోళ్ల జతలైతే? ఎడమా కుడీ లేవు, రెండూ ఒకేలా ఉంటాయి. నియమం చెప్పలేం. అయినా ప్రతి జత నుంచి ఒకటి తీయవచ్చు అని ఒప్పుకోవడానికే ఆ స్వయంసిద్ధం కావాలి. చూశారా, నియమం ఉన్నచోట అవసరం లేనిదీ, నియమం లేనిచోట అవసరమయ్యేదీ ఏదో దానికి ఇంగ్లీషులో 'చాయిస్' అని పేరు. ఈ పేరు పెట్టేటప్పుడు వాళ్లు మన తేడా గురించి ఆలోచించారని చెప్పడం లేదు. జర్మన్ మాటకు ఇంగ్లీషులో కుదిరిన పేరది. కుదిరిన తీరు మాత్రం గమనించదగినది.

'హాబ్సన్స్ చాయిస్' అన్న పలుకుబడి కూడా ఇక్కడే చూడాలి. 1544 నుంచి 1631 దాకా బతికిన థామస్ హాబ్సన్ కేంబ్రిడ్జ్‌లో గుర్రాలు అద్దెకు ఇచ్చేవాడు. మంచి గుర్రాలనే అందరూ అడిగితే అవి అలిసిపోతాయని, వాకిలికి దగ్గరగా ఉన్న గుర్రాన్నే తీసుకోవాలి, లేదంటే లేదు అనేవాడు. వాకిలికి దగ్గరగా ఉన్నదన్న నియమం గుర్రాన్ని సెలెక్ట్ చేసేసింది, తీసుకునేవాడికి చూజ్ చేసుకునే వీలు పోయింది. సెలెక్షన్ పూర్తిగా ఉండి, చాయిస్ పేరుకు మాత్రమే మిగిలిన స్థితి అది.

ఈ తేడా తెలియకపోతే నష్టం ఎక్కడ? పారిభాషిక పదాల్లో. వైద్యంలో 'డ్రగ్ ఆఫ్ చాయిస్' అంటారు. రోగి ఇష్టపడి అడిగే మందు అని దీని అర్థం కాదు. ఆ జబ్బుకు వైద్యులు ముందుగా మొగ్గే మందు అని. సిఫిలిస్‌కి పెన్సిలిన్ డ్రగ్ ఆఫ్ చాయిస్. 'సెలెక్టివ్ డ్రగ్' అన్నది వేరే సంగతి. శరీరంలో ఒక రకం గ్రాహకం మీద, అంటే కణం మీద మందు అతుక్కునే చోటు మీద, ఎక్కువగా, మిగతావాటి మీద తక్కువగా పనిచేసే మందు. రక్తపోటుకు వాడే మెటోప్రొలాల్ అనే మందు గుండెలో ఎక్కువగా ఉండే బీటా-1 గ్రాహకాలను అడ్డుకుంటుంది, ఊపిరితిత్తుల్లోని బీటా-2 జోలికి తక్కువగా పోతుంది. మోతాదు పెరిగితే ఆ విచక్షణ తగ్గిపోతుంది. అణువు సెలెక్ట్ చేయగలదు, చూజ్ చేయలేదు. మొదటి పదంలో నిర్ణయించే మనిషి ఉన్నాడు, రెండోదాంట్లో లేడు. తెలుగులో రెండింటినీ 'ఎంపిక మందు' అని అనువదిస్తే చదివేవాడు దారి తప్పుతాడు. మొదటిదాన్ని 'ముందుగా వాడదగిన మందు' అనీ, రెండోదాన్ని 'నిర్దిష్ట గ్రాహకం మీద పనిచేసే మందు' అనీ విడమరచి రాయడమే మంచిది.

గణాంక శాస్త్రంలో 'సెలెక్షన్ బయాస్' ఉంది, మనోవిజ్ఞానంలో 'చాయిస్ సపోర్టివ్ బయాస్' ఉంది. మొదటిది నమూనాను ఏరిన పద్ధతిలోని లోపం. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నిక ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి దాకా కార్డులు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు తెప్పించుకుని, రూజ్వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని చెప్పింది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్ గెలుచుకున్నాడు. పత్రిక పేర్లు ఏరింది ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి. పైగా కార్డు తిరిగి పంపినవాళ్ల అభిప్రాయమే లెక్కలోకి వచ్చింది. జల్లెడ తప్పు. రెండోదాంట్లో జల్లెడ ప్రసక్తే లేదు. తాను ఎంచుకున్నదాని మంచి గుణాలనే తరవాత ఎక్కువగా గుర్తుపెట్టుకోవడం, వదిలేసినదాని లోపాలనే తలచుకోవడం. తప్పు ఎంచుకున్నవాడి జ్ఞాపకంలో ఉంది.

చదువు విషయంలో 'స్కూల్ చాయిస్' అంటే తల్లిదండ్రులకు బడిని ఎంచుకునే హక్కు. 'సెలెక్టివ్ స్కూల్' అంటే పిల్లలను పరీక్ష పెట్టి చేర్చుకునే బడి. కర్తలు పూర్తిగా తారుమారు.

కంప్యూటర్ తెర మీద 'సెలెక్ట్ ఆల్' అని ఉంటుంది, 'చూజ్ ఆల్' ఉండదు. అన్నీ తీసుకుంటే ఇష్టమన్న ప్రశ్నే లేదు, గుర్తు పెట్టడమే. డేటాబేస్‌ను 'సెలెక్ట్' అని మొదలుపెట్టి అడుగుతాం, 'వేర్' తరవాత షరతు రాస్తాం, షరతుకు సరిపడిన వరసలే వస్తాయి. అక్కడ కూడా జల్లెడే. తెర మీది సూచనలు తెలుగులోకి మార్చేవాళ్లు ఈ తేడా పాటిస్తే బాగుంటుంది. గుర్తు పెట్టమనే చోట 'ఎంపిక చేయండి', వాడేవారి ఇష్టాన్ని అడిగే చోట, అంటే భాషో, రంగో అడిగే చోట 'ఎంచుకోండి'.

హద్దు చెరిగిపోయే చోట్లు లేవా? ఉన్నాయి. పరీక్ష పత్రంలో 'చూజ్ ది కరెక్ట్ ఆన్సర్' అంటారు. సరైన జవాబు ఒకటే, ఇష్టంతో పనిలేదు, అయినా చూజ్. అలవాటుగా స్థిరపడిన ప్రయోగం అది. 'సెలెక్ట్ ది కరెక్ట్ ఆన్సర్' కూడా సరైనదే. 10 మందిలో ముగ్గురిని తీసే విధాలు 120, దీన్ని ఇంగ్లీషులో 'టెన్ చూజ్ త్రీ' అని చదువుతారు, అదే పుస్తకంలో దాన్ని 'సెలెక్షన్' అనీ పిలుస్తారు. 'ర్యాండమ్ సెలెక్షన్' సంగతేమిటి, అందులో నియమం లేదు కదా అని అనుమానం రావచ్చు. ఉంది. చీటీ తీయడం, సంఖ్యల పట్టిక వాడడం అన్నవే నియమం. మనిషి ఇష్టం చొరబడకుండా కట్టిన గోడ అది. అందుకే అక్కడ సెలెక్షన్.

'చూజీ' అంటే ఓ పట్టాన ఏదీ నచ్చని మనిషి, కొంచెం ఎత్తిపొడుపు ఉంది. 'సెలెక్టివ్' అంటే ఆచితూచి తీసుకునే మనిషి, మెప్పు. తన గురించి చెప్పుకునేటప్పుడు ఏది వాడాలో వేరే చెప్పనక్కర్లేదు.

వర్ణక్రమం, ఉచ్చారణ కూడా చూసి వెళ్దాం, తప్పులు ఇక్కడా ఎక్కువే. వర్తమానంలో 'చూజ్', రెండు ఓ-లు. భూతకాలంలో 'చోజ్', ఒకటే ఓ. మూడో రూపం 'చోజెన్'. 'ఫ్రీజ్, ఫ్రోజ్, ఫ్రోజెన్' పక్కన పెట్టుకుంటే గుర్తుంటుంది. 'చూజ్డ్' అన్న రూపమే లేదు. చివరి ధ్వని మన 'స' కాదు, తేనెటీగ రొదలాంటి నాదం. రాయడంలో అది 'లూస్' లాగా, అంటే వదులు అనే మాట లాగా ఉంటుంది. పలకడంలో 'లూజ్' లాగా, అంటే పోగొట్టుకోవడం అనే మాట లాగా ఉంటుంది. ఆ రెండు మాటలూ కలగలిసిపోయినవాళ్లకు చూజ్ కూడా జారుతుంది. 'సెలెక్ట్'లో ఊనిక రెండో అక్షరం మీద, 'లెక్' మీద పడాలి.

చివరగా ఒక దరఖాస్తులోని మూడు వాక్యాలు సరిదిద్దుదాం. 'ఐ సెలెక్టెడ్ టు వర్క్ ఇన్ పబ్లిక్ హెల్త్. ఐ చూజ్ దిస్ కోర్స్ లాస్ట్ ఇయర్. ఐ హోప్ ఐ విల్ బి చోజ్.' మొదటిదాంట్లో సంకల్పం ఉంది, 'సెలెక్టెడ్' తీసి 'చోజ్' పెట్టాలి. రెండోది నిరుటి సంగతి, ఒక ఓ తీసేయాలి, 'చోజ్'. మూడోదాంట్లో రూపమే తప్పు. 'చోజెన్' అని దిద్దితే వ్యాకరణం కుదురుతుంది. కానీ దరఖాస్తు వెళ్తున్నది ఒక కమిటీకి. వాళ్ల చేతిలో అర్హతల పట్టిక ఉంది. కాబట్టి 'ఐ హోప్ ఐ విల్ బి సెలెక్టెడ్.'